క్యూ-బిట్

బాపట్లలో చీరాల వెళ్లే రోడ్డు మీద, ఊరు దాటాక, ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ ఉండేది. కాలేజీ అని బోర్డు మీద రాసుకున్నారు గానీ చూసినవాడెవడూ అలా అనుకోడు. చుట్టూ గోడ, గోడ మీద గాజు పెంకులు, గేటు దగ్గర ఇద్దరు వాచ్‌మెన్లు. పిల్లలు బయటికి పోలేరంటే వింతేముంది? కన్నవాళ్లే ఫీజు కట్టి మరీ లోపల పెట్టిపోయారు. వింతల్లా పాఠాలు చెప్పేవాళ్లు కూడా పోలేకపోవడం. ఉద్యోగంలో చేరిన రోజునే కరస్పాండెంటు వీరాస్వామి వాళ్ల ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. ఎందుకండీ అంటే, "భద్రంగా ఉంటాయమ్మా, మీ ఇంట్లో అయితే చెదలు పట్టవూ?" అనేవాడు.

అలా చెదలు పట్టకుండా భద్రంగా ఉన్నవాటిలో అనుపమవి కూడా ఉన్నాయి.

అనుపమది రేపల్లె. ఎమ్మెస్సీ ఫిజిక్సు. నాన్న పోయాక ఇల్లు గడవాలి గనక, ఒక్క ఏడాదేలే అని ఇక్కడ చేరింది. ఆ ఒక్క ఏడాది సాగీ సాగీ మూడేళ్లయింది. మూడేళ్లూ ఆమె చెప్పింది ఫిజిక్సు కాదు, ఎంసెట్ బిట్లు. ఒక ప్రశ్న, దాని కింద నాలుగు జవాబులు, అందులో ఒకదాని గడి నింపడం. ఎందుకు అని అడిగే పిల్లాడు వెనకబడతాడు, అడగనివాడికి ర్యాంకు వస్తుంది. ఇదీ అక్కడి చదువు.

2007 వేసవిలో ఆమెకు కలకత్తాలో ఒక పరిశోధన సంస్థ నుంచి సీటు వచ్చింది. స్థలం, కాలం అనేవి నిజంగా ఉన్నాయా, లేక ఇంకేదో లోతైనదాని నుంచి పుట్టుకొస్తున్నాయా అని క్వాంటం ఫిజిక్సు పట్టుకుని వెతికే పని. ఎమ్మెస్సీ రోజుల నుంచీ ఆ ప్రశ్న ఆమెకు నిద్ర పట్టనివ్వలేదు. జూన్ నెలాఖరు గురువారం లోగా ఒరిజినల్స్‌తో వచ్చి చేరాలి. రాకపోతే సీటు వెనకున్న మరొకరికి పోతుంది. పోతే మళ్లీ రాదు, ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

జూన్ మొదట్లోనే వెళ్లి వీరాస్వామిని అడిగింది.

"రీసెర్చా? దేని మీదమ్మా?"

"కాలం అనేది నిజంగా ఉందా లేదా అన్నదాని మీద సార్."

వీరాస్వామి గోడ గడియారం వంక చూశాడు. ఆమె వంక చూశాడు. "ఎందుకు లేదమ్మా, ఉంది. అడ్మిషన్ల టైము. అదయ్యాక చూద్దాం."

"అప్పటికి నా గడువు దాటిపోతుంది సార్."

ఆయన కాసేపు బుర్ర గోక్కున్నాడు. చెడ్డవాడని అనలేం. ఒకప్పుడు చిన్న పాకలో నలుగురు పిల్లలకు బిట్లు చెప్పుకుని ఇంతవాడైన మనిషి. ప్రపంచంలో బిట్టుతో తేలని విషయం లేదని మనస్ఫూర్తిగా నమ్మినవాడు. "సరే, ఆదివారం తెనాల్లో పేరెంట్స్ మీటింగు పెడుతున్నాను. ఆ కాలం సంగతేదో అక్కడ మైకులో చెప్పు. జనం నోరెళ్లబెట్టాలి. ఆ తరవాత నీ కాగితాలు నీ చేతిలో పెట్టే పూచీ నాది," అన్నాడు.

తెనాల్లో కల్యాణమండపం నిండింది. అనుపమ స్టేజీ ఎక్కి, బోర్డు జోలికి పోకుండా తన చీర కొంగే పట్టి చూపించింది.

"ఇది ఈపూరుపాలెంలో నేసిన చీరండి. దూరం నుంచి చూస్తే ఒకటే గుడ్డ. దగ్గరికొస్తే దారాలు. మరి ఒక్కో దారంలో చీర ఉందా? లేదు. పడుగూ పేకా ఒకదాన్నొకటి పట్టుకుంటేనే చీర. మనం కూర్చున్న ఈ స్థలం కూడా అలాంటిదేమోనని ఇప్పుడు కొందరు ఫిజిక్సు వాళ్ల అనుమానం. రెండు కణాలు ఒకసారి ముడిపడ్డాక, ఒకటి తెనాల్లోనూ ఇంకోటి చంద్రుడి మీదా ఉన్నా సరే, రెంటినీ కొలిచి పక్కపక్కన పెట్టి చూస్తే జవాబులు జతపడతాయి. మధ్యలో దూరం ఉన్నట్టే వాటికి పట్టదు. దూరం ముందుండి ముడి తరవాత వచ్చిందా, ముడి ముందుండి దానిలోంచి దూరం పుట్టిందా? అదీ ప్రశ్న."

కాలం సంగతికి వచ్చేసరికి ఆమె గొంతు మారింది. విశ్వం మొత్తానికి కలిపి సమీకరణం రాస్తే అందులోంచి కాలం అనే అక్షరమే ఎగిరిపోతుందని చెప్పింది. బయటి నుంచి చూసేవాడంటూ ఉంటే వాడికి ఏదీ కదలదట. లోపలున్న మనం మాత్రం గడియారం ముల్లు ఇక్కడున్నప్పుడు రైలు అక్కడుంది అని ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని కొలుచుకుంటాం, కాలమంటే బహుశా ఆ పోలికేనట. "ఇదంతా ఇంకా తేలలేదండి," అని రెండుసార్లు చెప్పింది. "మరి ఆ పడుగూ పేకా దేనితో నేశారంటే, క్యూబిట్లతో అని కొందరంటున్నారు. మామూలు బిట్టు అవునో కాదో ఏదో ఒకటే. క్యూబిట్టు, మనం అడిగి చూసేదాకా, రెండూ కలిసిన స్థితిలో ఉంటుంది."

బిట్టు అనే మాట వినబడగానే ముందు వరసలో కునుకుతున్న వీరాస్వామి నిటారుగా కూర్చున్నాడు.

అంతా అయ్యాక ప్రశ్నలడగమంటే ఫీజుల గురించి, భోజనం గురించి అడిగారు. ఆఖర్న ఒక అమ్మాయి లేచింది. బోసు రోడ్డులో గాజుల కొట్టు పెట్టుకున్న అబ్దుల్ షుకూర్ కూతురు షబ్నం, అప్పుడే టెన్త్ పాసైంది. "మేడం, కాలమే లేకపోతే మరి మనం ఎదురుచూసేదేంటండీ?" అంది.

మూడేళ్లలో అనుపమను ఎవరైనా అడిగిన మొదటి అసలు ప్రశ్న అది. "తెలియదమ్మా. లోపలున్నవాళ్లకి మాత్రం ఎదురుచూడటం నిజమే," అంది.

వారం తిరగకుండా తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు ఊళ్లలోనూ ఫ్లెక్సీలు లేచాయి. మధ్యలో చీర కొంగు పట్టుకున్న అనుపమ ఫొటో. పైన ఎర్ర అక్షరాలు: "విశ్వమంతా బిట్లమయం! సైన్సు చెప్పిన సత్యం! స్థలకాలాలను సృష్టించే క్యూ-బిట్లు మా కాలేజీలో మాత్రమే!" కింద, పాత ఎంసెట్ బిట్లకే కొత్త పేరు పెట్టి అచ్చేసిన 'క్యూ-బిట్ బ్యాంకు' పుస్తకం అట్ట బొమ్మ. రేపల్లె నుంచి వాళ్లమ్మ ప్రమీల ఫోను చేసి, "ఏమే అనూ, క్యూ-బిట్లంటే ఏంటే? వీధిలో వాళ్లంతా వచ్చి మా వాడికి నాలుగు ఇప్పించమంటున్నారు," అంది.

అనుపమ ఆఫీసు గదిలోకి దూసుకుపోయింది. "సార్, క్యూ అంటే క్వశ్చన్ కాదండి! క్వాంటం!"

"ఏదైతేనేంటమ్మా, రెండూ క్యూతోనేగా మొదలయ్యేది," అన్నాడు వీరాస్వామి ఆనందంగా. "నేనెప్పట్నుంచో చెబుతూనే ఉన్నాను, ఎవడైనా విన్నాడా? ఇప్పుడు సైన్సే ఒప్పుకుంది. అంతా బిట్లే!"

"మరి నా సర్టిఫికెట్లు?"

"ఇప్పుడా? ఊరూరా నీ మొహం కట్టించాను. పేరెంట్సు వచ్చి క్యూ-బిట్ మేడం ఏదంటే ఎవర్ని చూపించనూ?"

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది ఆమె పని. తలుపు తీయిద్దామని చెప్పిన పాఠమే తలుపుకు ఇంకో తాళమై కూర్చుంది. పోలీసుల దగ్గరికి పోదామంటే, భద్రంగా దాచుకోమని తనే ఇచ్చినట్టు సంతకం ఉంది. పోగొట్టుకున్నానని నకళ్లు తెచ్చుకుందామంటే నెలలు పడుతుంది. రోజూ స్టాఫ్ రూం కిటికీలోంచి గోడ మీది గాజు పెంకులు చూస్తూ, గురువారానికి ఇంకెంత దూరం అని లెక్కేసుకుని, లెక్కేసుకున్నందుకు తన మీద తనకే చిరాకు పడేది.

అలాంటి ఒక పొద్దున క్లాసులో మొదటి బెంచీ మీద షబ్నం కనిపించింది.

అనుపమ పుస్తకం బల్ల మీద పెట్టి దగ్గరికి వెళ్లింది. "నువ్విక్కడికెందుకొచ్చావమ్మా?"

"మీ కోసమేనండి. తెనాల్లో గవర్నమెంటు కాలేజీలో సీటొచ్చినా వద్దని, అబ్బాతో పోట్లాడి వచ్చానండి. క్యూబిట్ల పాఠం ఎప్పుడు మేడం?"

అనుపమ బోర్డు వైపు తిరిగి ఆ రోజు బిట్లు రాసింది. మూడో రోజుకల్లా పిల్లకే తెలిసిపోయింది. క్యూ-బిట్ బ్యాంకు పుస్తకం పట్టుకుని స్టడీ అవర్లో దగ్గరికొచ్చి, "మీరు తెనాల్లో చెప్పింది ఇది కాదు కదండి," అంది మెల్లగా.

"కాదు."

"మరి మీరెందుకు ఇక్కడున్నారండి?"

పిల్లతో అనాల్సిన మాట కాదు గానీ, ఎవరితోనన్నా అనకపోతే పిచ్చెక్కేలా ఉంది అనుపమకు. అంతా చెప్పింది. బీరువా సంగతి, కలకత్తా సంగతి, వచ్చే గురువారం సంగతి. షబ్నం నోరు తెరుచుకుని వింది. తరవాత, "నా టీసీ కూడా అదే బీరువాలో ఉందండి," అంది.

ఆ ఆదివారం పెద్దవాళ్లు పిల్లల్ని చూడటానికి వచ్చే రోజు. గేటు పక్క రేకుల షెడ్డు నిండా క్యారియర్లు, బుజ్జగింపులు, ఏడుపులు. అనుపమను వీరాస్వామి ఆఫీసుకు పిలిపించాడు. బీరువా తలుపు తీసి ఉంది. బల్ల మీద ఆమె ఫైలు ఉంది.

"చూడమ్మా," అన్నాడు ఆయన, మొదటిసారి గొంతు తగ్గించి. "తెనాలి గాజుల షుకూరు షెడ్డులో కూర్చుని కూతుర్ని తీసుకుపోతానంటున్నాడు. క్యూ-బిట్ అంతా మోసమని పిల్ల ఏడుస్తోందట. చుట్టూ అందరూ వింటున్నారు. ఇవాళ ఒకడు తీసుకుపోతే రేపు పదిమంది తయారవుతారు. నీ మాటంటే అతనికి గురి. ఒక్క మాట చెప్పి పిల్లను ఉంచేలా చెయ్యి. నీ ఫైలు ఇవ్వాళే పట్టుకుపో. ఒట్టు."

అనుపమ ఫైలు వంక చూసింది. టెన్త్ సర్టిఫికెట్టు అంచు బయటికి కనబడుతోంది. మూడేళ్లకు ఇదే మొదటిసారి దాన్ని చూడటం. కాళ్లు షెడ్డు వైపు నడిచాయి.

షుకూర్ గౌరవంగా లేచి నిలబడ్డాడు. పలచటి మనిషి, నెరిసిన గడ్డం. పక్కన షబ్నం, ఒళ్లో బట్టల సంచి, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు. వీరాస్వామి గుమ్మంలోనే ఆగాడు.

"అమ్మా, నాకు చదువు లేదు. ఎవరి మాట నమ్మాలో తెలీదు. మీ నోటితో ఒక్కమాట చెప్పండి. ఆ క్యూ-బిట్ అనేది నిజమా, కాదా?"

అనుపమ ఒకసారి వీరాస్వామి వంక చూసింది. అప్పుడు తట్టింది ఆ మాట. అబద్ధం కానే కాదు అది. ఏ ఫిజిక్సు వాడిని అడిగినా అదే అంటాడు.

"నిజమేనండి," అంది. "క్యూబిట్ నిజమే."

షబ్నం తలెత్తి ఆమె వంక చూసింది. తిట్టినా బాగుండేది. ఆ పిల్ల కళ్లు ఆమె మొహం మీద నుంచి గుమ్మంలో ఉన్న వీరాస్వామి మీదికి, అక్కడి నుంచి మళ్లీ ఆమె మీదికి వచ్చాయి. తరవాత తండ్రి వైపు తిరిగి ఉర్దూలో ఏదో అంది. ఆయనేదో అడిగాడు. పిల్ల మళ్లీ గబగబా చెప్పింది. రేపల్లె పిల్ల అనుపమకు ఉర్దూ ముక్క రాదు. మాటలు అయిపోయాక షబ్నం కళ్లు తుడుచుకుని, సంచి భుజానికి తగిలించుకుని, వెనక్కి చూడకుండా హాస్టల్లోకి వెళ్లిపోయింది.

"సరేనమ్మా, మీరన్నాక ఇంకేముంది," అన్నాడు షుకూర్.

వీరాస్వామి ఈసారి మాట తప్పలేదు. ఫైలు చేతిలో పెట్టి, "వెళ్లి రా అమ్మా, వృద్ధిలోకి రావాలి," అని దీవించాడు కూడా. గేటు తెరుచుకుంది. అనుపమ పరుగులాంటి నడకతో ఆటో ఎక్కి స్టేషనుకు వచ్చింది. తెనాలి ప్యాసింజరు ప్లాట్‌ఫారం మీదే ఉంది. ఎక్కి, కిటికీ పక్కన కూలబడి, ఫైలు గుండెకు హత్తుకుని కళ్లు మూసుకుంది.

"అమ్మా, మీరు కూడా ఈ బండికేనా!"

ఎదురు సీట్లో షుకూర్.

దిగిపోదామంటే బండి కదిలింది. వేరే చోటికి పోదామంటే, ఆదివారం జనం నడవల్లో కూడా కిక్కిరిసి ఉన్నారు. మోకాళ్లకు మోకాళ్లు తగిలేంత దగ్గరగా ఆ మనిషి, మధ్యలో ఆమె చెప్పిన మాట.

"రేపల్లె వెళుతున్నారా అమ్మా?"

"ఊఁ."

"మళ్లీ రేపొచ్చేస్తారు గదా?"

"ఊఁ."

ఒక అబద్ధానికి కాపలాగా ఇంకోటి, దాని పక్కన మరోటి వచ్చి చేరుతున్నాయి. షుకూర్ క్యారియర్ విప్పాడు. "మా ఆవిడ సమోసాలు చేసి పంపింది. పిల్ల ముట్టుకోలేదు. మీరన్నా తినండమ్మా." వద్దంటే బాగుండదని ఒకటి తీసుకుంది. కొరకకుండా చేతిలోనే పట్టుకుంది. అప్పికట్ల వచ్చింది, పోయింది.

"మాకు ఒక్కతే పిల్లండి," అన్నాడు ఆయన. "ఇల్లు వదిలి ఎప్పుడూ ఉండలేదు. మీరున్నారనే ధైర్యం. రోజూ కనబడతారు గదమ్మా దానికి?"

అనుపమ కిటికీ వైపు తిరిగింది. నేనన్నది నిజమేగా, అని తనతో తనే వాదించుకుంది. క్యూబిట్ నిజం, అతనడిగిందీ అదే, అతనికి ఇంకోలా అర్థమైతే తనదా తప్పు? ఆ వాదన నిడుబ్రోలు దాకా కూడా నిలవలేదు. ఛీ, వీరాస్వామి నయం! ఆయన తెలియక అన్నాడు, తను తెలిసి అంది. ముడిపడ్డవాటి మధ్య దూరం లెక్కలోకి రాదని మైకు పట్టుకుని ఎంత హాయిగా చెప్పింది తెనాల్లో! ఇప్పుడు బాపట్ల అంతకంతకూ వెనక్కి పోతున్నా ఆ పిల్ల మాత్రం అడుగు కూడా దూరం కావడం లేదు. సంచి భుజాన వేసుకుని లోపలికి పోతూనే ఉంది.

చెబితే ఏమవుతుంది? ఈయన తరవాతి స్టేషన్లో దిగి బాపట్ల వెళ్లి గొడవ పెడతాడు. వీరాస్వామి మనుషులు రేపల్లె ఇంటికొచ్చి ఫైలు అడుగుతారు. సీటు పోతుంది. మళ్లీ ఆ గోడ, ఆ గాజు పెంకులు. చెప్పకపోతే సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది, గురువారానికి కలకత్తాలో ఉంటుంది. అక్కడ కూర్చుని జీవితాంతం కాలం గురించి ఆలోచించుకోవచ్చు, ఈ మధ్యాహ్నం ఒక్కటి తప్ప.

చుండూరు దాటింది. ఇంకెంతసేపు, తెనాలి వచ్చేస్తుంది, ఈయన దిగిపోతాడు, రేపల్లె బండి ఎక్కేస్తే అయిపోయె అనుకుంది. సరిగ్గా అప్పుడే బండి తెనాలి ఔటర్లో ఆగిపోయింది. సిగ్నల్ లేదు. ఫ్యాన్లు తిరగడం లేదు. రెండు వైపులా నారుమళ్లు, గాలి లేదు. షుకూర్ ఆమె ఒళ్లోని ఫైలు వంక చూసి, "జాగ్రత్తగా పట్టుకోండమ్మా, కిటికీలోంచి జారేను," అన్నాడు.

ఆ మాటకు ఆమె ఇంక ఆగలేకపోయింది.

"షుకూర్ గారూ, నేను మీకు అబద్ధం చెప్పాను."

ఆమె చెప్పుకుపోయింది. క్యూబిట్ వేరు, ఆ పుస్తకం వేరు అని. ఆ కాలేజీలో తను తెనాల్లో చెప్పిన చదువు లేదు, ఎప్పటికీ రాదు అని. ఈ ఫైలు కోసం మీ పిల్లను లోపల ఉంచానని. రేపు రానని, ఎప్పటికీ రానని. చెబుతుంటే ఏడుపొచ్చింది. పక్కనున్న ముసలామె, "ఏంటమ్మా, ఎవరన్నా పోయారా?" అంది.

షుకూర్ క్యారియర్ మూత పెట్టి, కొక్కెం బిగించాడు. "తెలుసమ్మా," అన్నాడు.

"ఏంటండీ?"

"షెడ్డులోనే చెప్పింది మా షబ్నం. 'మేడం కాగితాల కోసం అలా అంటున్నారు అబ్బా, నువ్విప్పుడు గొడవ పెడితే ఆమెకి అవి రావు. నమ్మినట్టు ఊరుకో, రేపొచ్చి నన్ను తీసుకుపో' అంది. రేపు మా వీధి పెద్దల్ని నలుగుర్ని వెంటేసుకుని వెళతాను. టీసీ ఎలా ఇవ్వడో చూస్తాను."

"నేనూ వస్తానండి రేపు," అంది అనుపమ. "ఫైలు మా అమ్మ దగ్గర దాచిపెట్టి వస్తాను. మీ పెద్దలందరి ముందూ నేనే చెబుతాను. గురువారానికి ఎలాగోలా అందుకుంటాను, అందుకోలేకపోతే పోయింది." అని, కళ్లు తుడుచుకుని, "మరి తెలిసి కూడా ఇంతసేపూ నాకెందుకు చెప్పలేదండీ?" అని అడిగింది.

షుకూర్ కొంచెం ఇబ్బందిగా నవ్వాడు. "అదీ మా పిల్ల పనేనండి. 'కాగితాలు రాగానే రేపల్లె పోవడానికి ఆమె కూడా నీ బండే ఎక్కుతుంది, నువ్వు బయటపడకు అబ్బా, తెనాలి వచ్చేలోగా ఆమే చెబుతుంది' అంది. మీరు చెప్పరని నేనన్నాను. పందెం వేసుకున్నాం."

సిగ్నల్ పడింది. బండి ఒక్క కుదుపు కుదిపి కదిలింది.

"పిల్లే గెలిచింది లెండి," అన్నాడాయన, క్యారియర్ అందుకుని లేస్తూ. "ఔటర్ దాకా వచ్చాక చెప్పారని మాత్రం దానికి చెప్పను."